కల్లంలో కెమెరా

(స్మారకోపన్యాసం: ముద్రిత పాఠం)



గుంటూరు మీద పత్రికల్లో వచ్చే వ్యాసాలు ఒకసారి గుర్తు తెచ్చుకోండి. మిర్చి ధర మీద రాసినా, కోల్డ్ స్టోరేజీల మీద రాసినా, వలస కూలీల మీద రాసినా, ఆఖరికి ఎండల మీద రాసినా పేజీ పైన ఒకటే ఫొటో. ఎర్రగా పరుచుకున్న కల్లం. మధ్యలో వంగి కాయలు తిరగేస్తున్న ఒక ఆడమనిషి. ఆమె చీర పసుపుపచ్చదో ఆకుపచ్చదో అయి ఉంటుంది. ఎర్రచీర కట్టుకున్నామెను ఫొటోగ్రాఫరు కాస్త పక్కకు జరగమంటాడు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఈ ఫొటోకి సీజను. దాని దగ్గర ఆగని పాఠకుడు ఉండడు. ఆగినవాడు కింద ఉన్న వ్యాసంలోకి దిగాడా, ఆ ఎరుపుతోనే తృప్తిపడి పేజీ తిప్పేశాడా? ఇవాళ నేను మాట్లాడదలచుకున్నది దీని గురించే.

ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థం ఏర్పాటైందో ఆయన స్టూడియో మనిషి. పెళ్లిళ్లు, పరీక్ష ఫారాలు, పాస్‌పోర్టు సైజులు ఆయన బతుకుతెరువు. మిగిలిన పొద్దులో స్కూటరు మీద పొలాల వెంట తిరిగి పత్రికలకు ఫొటోలు పంపేవారు. ఊరంతా మాస్టారనే పిలిచేది. పత్రికాఫీసులో ఆ ఫొటోల కవర్లు విప్పే బల్ల దగ్గర చాలాకాలం కూర్చున్నవాణ్ణి కాబట్టి నన్ను రమ్మన్నారు. పొగడ్తలు వద్దని వారి పిల్లలు ముందే చెప్పారు. మంచిదే. ఆయన చేసిన పని గురించి మాట్లాడుకుందాం.

మొదట ఒక సంగతి. మిరపకాయ ఫొటోకి నచ్చిన పంట కావడం ఇటీవలి ముచ్చట. నలుపు తెలుపుల కాలంలో దాన్ని ఎవరూ పట్టించుకోలేదు, పట్టించుకున్నా లాభం లేదు. పాతకాలపు ఆర్థోక్రోమాటిక్ ఫిల్ముకు ఎరుపు కనిపించదు. ఎర్రటి వస్తువు నల్లగా పడుతుంది. తర్వాత వచ్చిన పాంక్రోమాటిక్ ఫిల్ము ఎరుపును చూస్తుంది గానీ బూడిదరంగుగా చూపిస్తుంది. దాన్ని బ్లాకు చేయించి, న్యూస్‌ప్రింటు మీద అంగుళానికి 65 గీతల ముతక స్క్రీనుతో అచ్చు వేస్తే కల్లం కాస్తా కంకర కుప్ప అయ్యేది. పైన ఎర్రబంగారం అని శీర్షిక పెట్టినా, నమ్మడానికి పాఠకుడు తన వంటింట్లో కారం డబ్బా గుర్తు తెచ్చుకోవాల్సిందే.

పత్తి అలా కాదు. కింద నల్లరేగడి, పైన పగిలిన కాయలో తెల్లటి పత్తి, వాటి మధ్య ఎండకు కమిలిన చేతులు. నలుపు తెలుపు ఫిల్ము దానికోసమే పుట్టిందేమో అనిపించేది. పర్చూరు, ఇంకొల్లు, చిలకలూరిపేట, పెదనందిపాడు వైపు నుంచి మాకు వచ్చిన పాత ఫొటోల్లో ఒడి కట్టుకుని పత్తి తీస్తున్న ఆడవాళ్లవే ఎక్కువ. రంగుల అచ్చు వచ్చాక ఆ వరస తిరగబడింది. పత్తి వెనక్కి పోయి మిర్చి ముందుకొచ్చింది. పంటలు అవే, పొలాలు అవే, మారింది ప్రెస్సు. ఒక ప్రాంతం లోకానికి ఏ ముఖంతో కనపడాలో అచ్చు యంత్రం నిర్ణయిస్తుందంటే పెద్ద మాటలా ఉంటుంది. గుంటూరు విషయంలో అదే జరిగింది.

తెలుగు వారపత్రిక బొమ్మల బలాన్ని తొలినాళ్లలోనే పసిగట్టింది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1908లో బొంబాయిలో మొదలుపెట్టిన పత్రిక తర్వాత ఆంధ్ర సచిత్ర వారపత్రికగా దశాబ్దాలపాటు నడిచింది. బొమ్మలుంటాయని పేరులోనే హామీ ఇచ్చిన పత్రిక అది. అంతకు 28 ఏళ్ల ముందు, 1880 మార్చి 4న, న్యూయార్క్ డైలీ గ్రాఫిక్ ఫొటోను చుక్కలుగా విడగొట్టి అక్షరాలతో పాటే అచ్చువేసే హాఫ్‌టోన్ పద్ధతిని చూపించింది. మన దగ్గర హాఫ్‌టోన్ బ్లాకు ఖరీదెక్కువ, చేయించడానికి రోజులు పట్టేది. గీతల బ్లాకు చౌక. మన వారపత్రికల్ని బాపు గీతలు అంతకాలం ఏలాయంటే ఆయన ప్రతిభే కారణం, సందేహం లేదు. ఈ చౌకదనమూ దానికి కలిసొచ్చింది. ముఖచిత్రం సినిమా తారలకు పోయేది. పొలం ఫొటోకి లోపలి పేజీలో అరచేతి మేర చోటు దొరికితే గొప్ప.

అమెరికాలో ఈ లెక్క ముందే తిరగబడింది. 1905 జనవరి సంచికకు నేషనల్ జియోగ్రాఫిక్ సంపాదకుడు గిల్బర్ట్ గ్రోవనర్ దగ్గర 11 పేజీలు ఖాళీగా మిగిలిపోయాయి. టిబెట్‌లోని లాసా నగరం ఫొటోలు చేతికందితే ఆ పేజీలన్నీ వాటితోనే నింపేశాడు. ఉద్యోగం ఊడుతుందనుకున్నాడట. సభ్యులు దారిలో ఆపి మరీ అభినందించారు. 1936 నవంబరు 23న లైఫ్ పత్రిక ఏకంగా ఫొటోల మీదే ఆధారపడి పుట్టింది. మొదటి ముఖచిత్రం మార్గరెట్ బుర్క్-వైట్ తీసిన ఫోర్ట్ పెక్ ఆనకట్ట. మనకూ ఒక ఆనకట్ట ఉంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్. దాని కుడి కాలువ నీళ్లు గుంటూరు, ప్రకాశం జిల్లాల చేలల్లోకి వచ్చాయి. ఆనకట్ట ఫొటోలు బోలెడు చూశాం. ఆ కాలువ చివరి భూమిలో నీళ్ల కోసం రాత్రంతా కాపలా కాసే రైతు ఫొటో ఎన్నిసార్లు చూశాం?

పాఠకుడి కన్ను పేజీలోకి ఎక్కడి నుంచి దిగుతుందన్న దాని మీద అమెరికాలోని పాయింటర్ సంస్థ కళ్ల కదలికలు కొలిచి 1991లో ఒక పరిశీలన ప్రచురించింది. చూపు ముందుగా పెద్ద ఫొటో మీద వాలుతుంది. అక్కడి నుంచి శీర్షికకూ, ఫొటో కింది రెండు వాక్యాలకూ పోతుంది. అసలు వ్యాసం వంతు ఆ తర్వాతే, అదీ వస్తే. ప్రకటనల రంగంలో పండిపోయిన డేవిడ్ ఓగిల్వీ కూడా ఇదే చెప్పాడు: ఫొటో కింది వ్యాఖ్య చదివేవాళ్లు అసలు పాఠం చదివేవాళ్ల కంటే చాలా ఎక్కువమంది. 1951లో హాథవే చొక్కాల ప్రకటన కోసం ఆయన ఒక పెద్దమనిషి కంటికి నల్లటి గుడ్డ కట్టించాడు. ఆ గుడ్డకూ చొక్కాకూ సంబంధం లేదు. ఈయన కంటికేమైంది అనుకుంటూ చూసినవాడు కిందికి దిగి చొక్కా నేత గురించి, కుట్టు గురించి ఉన్నదంతా చదివాడు. అంతగా పేరులేని ఆ చొక్కాల కంపెనీ దశ తిరిగింది. పత్తి పండించేవాళ్లం కాబట్టి ఆ చొక్కా కథ మనకు గుర్తుండాలి.

ఫొటో లోపలికి లాగాలంటే అందులో తేలని సంగతి ఏదో ఒకటి ఉండాలి. మన ఎర్ర కల్లం ఫొటోలో అది లేదు. బాగా పండింది, బాగా ఎండుతోంది, చూడ్డానికి బాగుంది, ఇక చదవడానికేముంది? ఇంకా పెద్ద లోపం, ఆ ఫొటోకి సంవత్సరం లేదు. 2017 వేసవిలో ధర ఎంత పడిపోయిందంటే క్వింటాలు 5,000 రూపాయలకు కొంటామని కేంద్రమే ప్రకటించాల్సి వచ్చింది. ఆ ఏడాదీ పేజీ మీద ఇదే ఎరుపు. నల్ల తామర పురుగు తోటల్ని ఊడ్చేసిన 2021-22లోనూ ఇదే ఎరుపు. ఎండబెట్టడానికి కాయే లేని రైతు గురించి రాసిన వ్యాసం మీద నిండు కల్లం ఫొటో వేసిన పేజీలు నేను చూశాను.

ఈ ఎరుపు గురించి ప్రెస్సువాళ్లకు తెలిసిన చిన్న రహస్యం ఒకటి చెప్పాలి. నాలుగు రంగుల అచ్చులో మిరపకాయ ఎరుపు మెజెంటా, పసుపు ఇంకులు కలిసి వచ్చేది. ఆ రెండూ నిండుగా పడితే కాయకూ కాయకూ మధ్య తేడా పోయి ఒకటే ఎర్రటి ముద్ద మిగులుతుంది. కాయ ముడత, తొడిమ వంపు, నీడ, ఇవన్నీ నీలం, నలుపు ఇంకుల ప్లేట్లు ఇవ్వాల్సిన వివరాలు. కెమెరాలోనూ ఇదే గొడవ: మిట్టమధ్యాహ్నం ఎండలో ఎరుపు పొంగిపోయి లోపలి వివరం చచ్చిపోతుంది. అందుకే మాస్టారు పొద్దున్నే, కాయల మీద కప్పిన పట్టాలు తీసే వేళకి కల్లం చేరేవారు. వాలు వెలుతురులో ఒక్కో కాయకూ నీడ ఉంటుంది. పత్తితో తంటా వేరు. తెల్లటి చేను నిండా కనపడితే కెమెరా మీటరు వెలుతురెక్కువైందని భ్రమపడి ఫొటోని మసకబారుస్తుంది. దానిమాట వినకుండా ఒక స్టాపు ఎక్కువ ఇవ్వాలి. ఇప్పటి ఫోన్లు ఈ తెలివి తామే చూపిస్తున్నాయి. రంగు మరింత దట్టించడమూ అవే చేస్తున్నాయి. చివరికి ఏ జిల్లా కాయ అయినా ఒకే ఎరుపు.

పత్రిక చదివే పల్లెటూరి మనిషి ఈ ఫొటోలో ఏం చూస్తాడో విన్నారా ఎప్పుడైనా? నేను టీకొట్ల దగ్గర విన్నాను. తాలు ఏరకుండానే ఫొటో దిగాడేంటి? ఇది తేజ రకమని రాశారు, తేజ ఇంత లావుంటుందా? పక్కన పట్టా కనపడదే, రాత్రికి మంచు పడదా? కాయ ఇంకా మెత్తగానే ఉంది, ఇప్పుడే మిర్చి యార్డుకి తోలితే ఎవరు కొంటారు? పట్నం పాఠకుడు రంగు చూస్తే, వీళ్లు తేమ చూస్తారు. తెల్లబారిన తాలు కాయలు ఫొటోగ్రాఫరుకు మచ్చల్లా అడ్డం. రైతుకు అవి ధరలో కోత. ఏరివేతకు కూలి, తొడిమ తీతకు కూలి, బస్తాలో తాలు కనపడితే కమీషన్ కొట్లో తరుగు. ఆ తెల్లకాయల్ని చట్రంలో ఉంచితే ఫొటో కొంచెం తక్కువ అందంగా ఉంటుంది. ఆ తెల్లటివేమిటి అని పట్నం పాఠకుడు అడుగుతాడు. అడిగితే చదువుతాడు.

నా దృష్టిలో మన దగ్గర పాఠకుణ్ణి అందరికంటే గట్టిగా పట్టుకున్న ఫొటోలు వ్యవసాయ మాసపత్రికలవి. 1969లో మొదలైన అన్నదాతను తీసుకోండి. అందులో పురుగు ఫొటోకి, తెగులు సోకిన ఆకు ఫొటోకి ఉన్న విలువ ఏ తార ముఖచిత్రానికీ లేదు. వాటిని అందమైనవని ఎవరూ అనరు. ఆ పేజీ చింపి చూరులో దోపుకున్నవాళ్లున్నారు. చేలో నుంచి ఆకు తెంపుకొచ్చి పేజీ మీద పెట్టి సరిచూసుకున్నవాళ్లున్నారు. 2021-22లో వచ్చిన నల్ల తామర పురుగు పొడవు ఒక మిల్లీమీటరు. అంతకుముందు మన మిరపకు అలవాటైన తామర పురుగులు ఆకుల్ని పట్టేవి. ఇది పూలలో గుంపులుగా చేరింది. పూలు రాలిపోయాయి, కాయ పట్టలేదు, చాలాచోట్ల రైతులు తోటలు పీకేశారు. పూరేకులు విప్పి అరచేతిలో దులిపితే నల్లటి గీతల్లాగా పాకే ఆ పురుగుల్ని దగ్గరగా తీసిన ఫొటో ఉందే, అది చూసిన రైతు ఆ వ్యాసంలో లాం ఫారం శాస్త్రవేత్తలు చెప్పిన మాటలన్నీ ఒక్క అక్షరం వదలకుండా చదివాడు. తన అవసరం కనపడింది కాబట్టి చదివాడు. అందుకే ఫొటోలో ఆకర్షణ ఎంతుందని అడిగితే, ఎవరి కంటికి అని నేను తిరిగి అడుగుతాను.

పత్తి దగ్గరికి మళ్లీ రావాలి, ఎందుకంటే ఈ నేల ఫొటోల్లో అన్నిటికంటే బరువైనది అక్కడే ఉంది. 1980లలో సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు విపరీతంగా కొట్టడంతో మిత్రపురుగులు పోయి తెల్లదోమ విజృంభించింది. ఆ దోమ విసర్జించే జిగురు మీద నల్లటి బూజు పట్టి విచ్చిన పత్తి మసిబారింది. తెల్లబంగారం అన్న పంట నల్లగా మారడం కంటే కళ్లకు కట్టే దృశ్యం ఏముంటుంది? 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతులు పురుగుమందు తాగి చనిపోయారు. దశాబ్దం తర్వాత వరంగల్‌లో అదే జరిగింది. ఆ చావులతో పాటు ఒక ఫొటో పుట్టి స్థిరపడిపోయింది: ఇంటి ముందు భార్య, చేతిలో దండ వేసిన భర్త ఫొటో, పక్కన ఇద్దరు పిల్లలు. మొదటిసారి చూసినవాళ్లకు గుండె ఆగినంత పనైంది. వందోసారి చూసినవాళ్లు పేజీ తిప్పేశారు. దుఃఖం తగ్గలేదు; ఫొటో అరిగిపోయింది.

మాస్టారు ఆ ఫొటోలను మనమెవరం చూడనట్టు చూసేవారు. ఆమె చేతిలోని ఆ చట్రం ఏదో ఒక స్టూడియోలో తయారైందే. చనిపోయిన మనిషికి విడిగా ఫొటో ఉండదు. పెళ్లి గుంపులోంచి తల కత్తిరించి, మసక తీసి, కాలరు దిద్ది, వెనక నీలం తెర వేసి పెద్దది చేస్తారు. కొన్నిసార్లు ఇంట్లో దొరికేది బ్యాంకులో అప్పు కోసం దిగిన పాస్‌పోర్టు సైజు ఫొటో ఒక్కటే. అప్పు కోసం దిగిన ఫొటోకే దండ పడుతుంది. ఆ ఫొటో ఎప్పుడు దిగాడు, ఎందుకు దిగాడు అని విలేకరి ఆమెను అడిగితే వ్యాసం అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చని ఆయన అనేవారు. అడిగినవాళ్లు తక్కువ. అడిగితే కౌలు కాగితం లేని రైతుకు బ్యాంకు అప్పు ఎందుకు పుట్టదో, ఎరువుల కొట్లో అరువు ఎంత వడ్డీకి పుడుతుందో ఆ ఒక్క చట్రంలోంచే బయటికొచ్చేది.

ఫొటోలోని మనిషిని అడగకపోతే ఏమవుతుందో చెప్పడానికి ప్రపంచంలో ఒక ఉదాహరణ ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. 1936 మార్చిలో కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర, పంట దెబ్బతిని కూలీలు చిక్కుకుపోయిన శిబిరంలో, డొరొతియా లాంజ్ ఒక తల్లి ఫొటో తీసింది. పిల్లలు భుజాల మీద తలలు దాచుకుని ఉంటారు. ఫొటో పత్రికలో వచ్చింది, చూసినవాళ్లు చలించారు, ప్రభుత్వం ఆ శిబిరానికి తొమ్మిది టన్నుల ఆహారం పంపింది. అది చేరేసరికి ఆ కుటుంబం అక్కడి నుంచి వెళ్లిపోయింది. లాంజ్ ఆమె పేరు అడగలేదు. ఫ్లోరెన్స్ ఓవెన్స్ థామ్సన్ అన్న ఆ పేరు లోకానికి తెలిసింది 1978లో. ఆ ఫొటో వల్ల తనకు ఒరిగిందేమీ లేదని ఆమె అన్నది. ఆమె పత్తి తీసిన మనిషి కూడా.

అదే 1936లో ఫార్చ్యూన్ పత్రిక రచయిత జేమ్స్ ఏజీనీ, ఫొటోగ్రాఫర్ వాకర్ ఎవన్స్‌నీ అలబామా పత్తి కౌలు రైతుల దగ్గరికి పంపింది. వాళ్లు తెచ్చిన వ్యాసం పత్రిక వేయలేదు. 1941లో పుస్తకంగా వచ్చినప్పుడు ఎవన్స్ ఫొటోలు ముందు పేజీల్లో, ఏ వ్యాఖ్యా లేకుండా ఉన్నాయి. ఫొటో కింద రెండు వాక్యాలు ఉండి తీరాలనే నా పట్టుదలకు ఇది ఎదురు సాక్ష్యమే. ఏం చేస్తాం, అది పుస్తకం. కొనుక్కున్నవాడు మళ్లీ మళ్లీ తెరుస్తాడు. వారపత్రిక మంగలి షాపులో, బస్టాండులో ఒక్కసారి చేతికొస్తుంది. అక్కడ మౌనంగా ఉండే ఫొటో ఊరకే చూసి వదిలేసే ఫొటో అవుతుంది. పైగా ఆ పుస్తకం అచ్చయిన కొత్తలో కొన్నవాళ్లు బహు తక్కువ.

కల్లం ఫొటోలో కనపడనివాళ్ల గురించి ఇప్పుడు. ఏటా మిరప కోతలకు, పత్తి తీతకు కర్నూలు పడమటి మండలాల నుంచి, కోసిగి, ఆదోని వైపు నుంచి, కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు దారి పడతాయి. అక్కడ దీన్ని సుగ్గి అంటారు. పిల్లలు బడి మానేసి వెంట వస్తారు. చేల గట్ల మీద పట్టాలతో డేరాలు. కాయ కోసినందుకు కూలి, రోజంతా చేతులకు మంట, కోరకు, అంటే కాయ ఘాటుకు, దగ్గు. ఆ కోర తట్టుకోలేక ముఖానికి కట్టుకున్న గుడ్డను మన రంగుల ఫొటోలు వయ్యారపు మేలిముసుగుగా మార్చేశాయి. ఇప్పుడు డ్రోన్లు వచ్చాయి. పైనుంచి చూస్తే కల్లం ముగ్గులా ఉంటుంది, మనుషులు ముగ్గులో చుక్కలు. అలాంటి ఫొటో తీసినవాడి నేర్పును నేను కాదనను. పోటీల్లో బహుమతులు అలాంటి వాటికే వస్తున్నాయి. కానీ 100 మీటర్ల ఎత్తు నుంచి ఎవరికీ దగ్గు వినపడదు.

పాత్రికేయుడు పాలగుమ్మి సాయినాథ్ 1993 నుంచి 2002 దాకా 10 రాష్ట్రాల్లో తీసిన ఫొటోలతో గ్రామీణ స్త్రీల శ్రమ మీద ఒక ప్రదర్శన తయారుచేశారు. విజిబుల్ వర్క్, ఇన్విజిబుల్ విమెన్ దాని పేరు. ఒక్కో ఫొటో పక్కన పొడుగాటి పాఠం. నిలబడి చదివించడం తేలిక కాదు, ఆయన చదివించారు. కిటుకు నాకు తెలిసినంతలో ఇదీ: ఆ ఆడవాళ్లు కెమెరా కోసం వంగలేదు, పని కోసం వంగారు, ఎంత బరువు, ఎంత దూరం, ఎంత కూలి అన్నది పక్కనే ఉన్న పాఠం చెబుతుంది. ఫొటో వేసిన ప్రశ్నకు జవాబు చేతి దూరంలో ఉంటుంది. 2014 డిసెంబరులో ఆయన మొదలుపెట్టిన పరి, అంటే గ్రామీణ భారత ప్రజా భాండాగారం, అదే పద్ధతిని తెలుగులోనూ నడుపుతోంది. వరంగల్ ఫొటోగ్రాఫర్ భరత్ భూషణ్ తెలంగాణ పల్లె ఇళ్లనూ బతుకమ్మలనూ ఏళ్లతరబడి వెంటాడి తీసి 2022 జనవరిలో వెళ్లిపోయారు. అంత ఓపిక ఈ నల్లరేగడికీ కావాలి.

ఓపిక అన్నాను కాబట్టి గాంధీగారి రాట్నం ఫొటో సంగతి. 1946లో పుణెలో బుర్క్-వైట్ ఆయన్ని తీయడానికి వెళ్తే, రాట్నం వడకడం వచ్చా అని కార్యదర్శి అడిగారు. రాదు. నేర్చుకుని రమ్మన్నారు. దారం తెగీ తెగీ కాస్త చేతికొచ్చాక లోపలికి పంపారు. ఆ రోజు ఆయన మౌనదినం, మూడు ఫ్లాష్ బల్బులకు మాత్రమే అనుమతి. రెండు వృథా అయ్యాయి. మూడోది ఆ ఫొటో: ముందు రాట్నం, వెనక చదువుకుంటున్న గాంధీ. తీసిన ఏడాది లైఫ్ దాన్ని పెద్దగా వాడుకోలేదు. 1948 జనవరి 30 తర్వాత అది పెద్దగా అచ్చయింది, అప్పటి నుంచి గాంధీ అంటే అదే కళ్లకు కడుతోంది. మిర్చి యార్డుకి కెమెరాతో పోయే కుర్రాళ్లను, ముందు ఒక పూట తొడిమలు తీసే ఆడవాళ్ల పక్కన కూర్చుని రమ్మంటే తప్పేముంది? యార్డు ఘాటుకి తుమ్ములు వస్తాయి, లెన్సు మీద కారం దుమ్ము పడుతుంది. ఫొటో మాత్రం మారుతుంది.

ఇక ఫొటో కింది వ్యాఖ్య. మన పత్రికలు ఎక్కువ నిర్లక్ష్యం చేసినది దీన్నే. గుంటూరు జిల్లాలో కల్లంలో ఎండుతున్న మిర్చి, అని వేస్తాం. మిర్చి అని కనపడుతూనే ఉంది, ఎండుతోందనీ కనపడుతోంది. మిగిలింది జిల్లా పేరు, దాన్నీ నమ్మలేం. చీరాలనే తీసుకోండి. 1970 ఫిబ్రవరి దాకా గుంటూరు జిల్లా. తర్వాత ఒంగోలు జిల్లా. 1972లో దాని పేరు ప్రకాశం. 2022 ఏప్రిల్ 4 నుంచి బాపట్ల జిల్లా. ఊరు రాయకుండా జిల్లా మాత్రమే రాసిన పాత ఫొటో ఇవాళ ఎవరికీ చెందదు. ఊరు, నెల, సంవత్సరం, మనిషి ఒప్పుకుంటే పేరు, ఆ రోజు కూలి లేదా ధర. ఇంతకంటే వ్యాఖ్య అక్కర్లేదు. పక్కన తీసినవాడి పేరు. మాస్టారి ఫొటోలు మా పత్రికల్లో చాలావరకు పేరు లేకుండానే అచ్చయ్యాయి. ఆ రోజుల్లో ఊళ్లో స్టూడియోవాళ్ల పేరు వేసే అలవాటు ఎవరికీ లేదు. డబ్బు మాత్రం, ఆలస్యంగానైనా, వచ్చేదట.

ఫొటోల్ని దిద్దడం గురించి ఎక్కువ చెప్పను. నేషనల్ జియోగ్రాఫిక్ అంతటి పత్రికే 1982 ఫిబ్రవరి ముఖచిత్రం నిలువు చట్రంలో ఇమడ్డం కోసం గిజా పిరమిడ్లను కంప్యూటరులో దగ్గరికి జరిపింది, విమర్శల పాలైంది. ఇప్పుడు కల్లం లేకుండానే కల్లం ఫొటో పుట్టించే యంత్రాలు వచ్చాయి. ఎరుపు అంత సులభంగా పుడుతున్నప్పుడు అచ్చమైన ఫొటోకి మిగిలే బలం తాలు కాయ, తడిసిన పట్టా, ఊరి పేరు. ఏటా అదే ఎర్ర కల్లం వేసే పత్రికకు మనిషి తీసిన ఫొటో అవసరం ఎక్కువ రోజులు ఉండదు.

సంపాదక మిత్రులకు ఒక్క విన్నపం. వచ్చే సీజనులో ఎర్ర కల్లం ఫొటో వస్తే వేసుకోండి, దాని మీద నాకు పగ లేదు. పంపినవారిని రెండో ఫొటో కూడా అడగండి. తూకం దగ్గర నిలబడ్డ రైతు ముఖం, గోతంలోంచి నమూనా తీస్తున్న కమీషన్ కొట్టు మనిషి చెయ్యి, సుగ్గికి వచ్చిన పిల్లవాడు చేను గట్టున పలక పట్టుకుని కూర్చున్న వేళ. పెద్దదిగా రెండోదే వేయండి.

ఈ సభలో స్టూడియో కుటుంబాలవారు చాలామంది ఉన్నారు. గుంటూరు నుంచి ఒంగోలు దాకా నలుపు తెలుపు స్టూడియోలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. నెగెటివ్‌లు అట్టపెట్టెల్లో, అటకల మీద, తేమకు ఒకదానికొకటి అతుక్కుపోతున్నాయి. ఈ నేల మనుషులు తమంతట తాము వచ్చి కూర్చుని దిగిన ఫొటోలు అవి. పత్రికల దగ్గర అవి లేవు. దయచేసి తూకానికి వేయకండి. ఒక్కో కవరు మీద ఊరు, ఏడు, గుర్తున్నంతవరకు పేరు పెన్సిలుతో రాయండి. గుర్తుపట్టగల పెద్దవాళ్లు ఇంట్లో ఉండగానే ఆ పని చేసి, దగ్గర్లోని గ్రంథాలయానికి అప్పగించండి. మాస్టారి పెట్టెలు వారి పిల్లలు ఇప్పటికే తెరిచారు. కవర్ల మీద పేర్లు రాయడానికి మనుషులు కావాలి, తీరికున్నవాళ్లు సభ అయ్యాక వారిని కలవండి.